తలుపు దగ్గర మనిషి

శేషాచలం పద్యం ఎత్తుకుంటే రేపల్లె తాలూకాలో పెట్రోమాక్సు దీపాలు రెపరెపలాడేవి. ఇది నేనంటున్న మాట కాదు, ఆ దీపాలు అద్దెకిచ్చినవాడే అన్నాడు. రాజు వేషం కట్టి, ఎడమచెయ్యి చెవికి ఆనించి, పద్యం కొసన రాగం తీస్తే ఆ రాగం తెగేలోపు జనంలో సగంమంది లేచి వెళ్ళి, టీ తాగి, బీడీ కాల్చుకుని వచ్చి కూచునేవారు, అప్పటికీ అదే ఊపిరి. వన్స్‌మోర్ వన్స్‌మోర్ అని అరిచి అరిచి మర్నాడు ఊరందరి గొంతులూ బొంగురుపోయి, సంతలో బేరాలన్నీ సైగలతోనే నడిచాయి. అలాంటి నోరు. ఆ నోటిని పట్టుకుని, సిడ్నీలో ఒక యూనివర్సిటీలో, కిటికీ తెరవడానికైనా వీల్లేని గదిలో, మెడలో ఆకుపచ్చ పూసలు వేసుకున్న నెరిసిన జుట్టుతో ఒకావిడ, మీరు కూచోవచ్చు గానీ మాట్లాడకూడదు అని చెప్పింది. నవ్వుతూ చెప్పింది. అక్కడే ఒళ్ళు మండింది శేషాచలానికి.

మండినా కూచున్నాడు. కుర్చీకి చక్రాలు. కోపంగా కాస్త కదిలితే చాలు పక్కకి జారిపోతోంది, ఈ దేశంలో మనిషికి కోపం వచ్చినప్పుడు కుదురుగా కూచునే కుర్చీ కూడా పెట్టలేదు వీళ్ళు, కాళ్ళతో నేలని తొక్కిపట్టుకుని కూచోవాలి, తొక్కిపట్టుకునే కూచున్నాడు. సపోర్ట్ పర్సన్ అట తను. పిల్ల పక్కన ఉండడానికి ఒకళ్ళని తెచ్చుకోవచ్చట, వాళ్ళు మాత్రం నోరెత్తకూడదట. తోడొచ్చినవాడు మాట్లాడకపోతే ఇంక తోడేమిటి, గొడుగు చంకలో పెట్టుకుని వానలో తడిసినట్టు. ఆవిడ ఎదురుగా ఉన్న కాగితంలోకి చూసి మెల్లగా చదువుతోంది. ఆ ముక్క శేషాచలానికి తెలుసు, ఇక్కడ ఏ మీటింగు మొదలైనా అదే చదువుతారు, ఈ నేల మాది కాదు, మాకంటే ముందు ఇక్కడున్న జనానిది, వాళ్ళ పెద్దలకి మా నమస్కారం అని. బాగుంది. మొదటి వాక్యంలో నేల తమది కాదని ఒప్పుకున్నారు, రెండో వాక్యంలో ఈ పసిదాన్ని దొంగతనం గురించి అడగబోతున్నారు. ఎంత గుండె ఉండాలి. ఆ గుండె ఏ సంతలో దొరుకుతుందో.

పసిదేం కాదు, ఇరవయ్యేళ్ళది మనవరాలు గీతిక. నల్ల కోటు తొడుక్కుని, జుట్టు బిగించి కట్టుకుని, బల్ల కింద ఎడమకాలు ఒకటే ఊపుతోంది. వాళ్ళమ్మ వసుంధర కూడా చిన్నప్పుడు అంతే, లెక్కల పరీక్ష అంటే మంచమంతా ఊగేది. వసుంధర ఇప్పుడు వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో నర్సు డ్యూటీలో ఉంది, తన కూతురు ఇక్కడ ముగ్గురి ముందు కూచుందని ఆమెకి తెలీదు. అల్లుడు మల్లికార్జునకి అసలే తెలీదు. తెలిసింది తాతకొక్కడికే. మొన్న మధ్యాహ్నం వంటింట్లో ఫ్రిజ్ తలుపు తీసి, ఏమీ తియ్యకుండా అందులోకే చూస్తూ అడిగింది. "తాతయ్యా, ఫ్రైడే ఆర్వో ఫ్రీయా నువ్వు?" ఆర్వో అంటే ఇక్కడ మధ్యాహ్నం, తనకేవో పెద్ద పనులున్నట్టు. నాకేం పని తల్లీ అన్నాడు. "యూనికి రావాలి నాతో. డాడ్‌కి చెప్పకు. అమ్మకీ చెప్పకు. డాడ్ వస్తే షౌట్ చేస్తాడు. నువ్వు జస్ట్ కూచో, చాలు. యాక్చువల్లీ నువ్వు మాట్లాడకూడదు, అది రూలు." నేనా, మాట్లాడకుండానా, అన్నాడు శేషాచలం. దానికి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఫ్రిజ్ తలుపు పట్టుకుని ఏడ్చేసింది. తలుపు తీసి ఉండడంతో ఫ్రిజ్ కుయ్ కుయ్‌మంటూనే ఉంది, వెధవ ఫ్రిజ్, మనిషి ఏడుస్తుంటే దానికి చల్లదనం పోతోందని బాధ.

ఇంతకీ నేరం ఏమిటంటే, పరీక్ష బాగా రాయడం. ఎంత ఆలోచించినా శేషాచలానికి అలాగే కనిపిస్తోంది. పుస్తకాలు లేకుండా రాసే పరీక్ష. లాటిన్‌లో, అనువాదం కాదు, అసలు లాటిన్‌లోనే, ఒక పాత కవి రాసిన కాస్త ముక్క ఇచ్చి దీనిమీద రాయమన్నారు. ఇది రాసింది. ఇచ్చిన ముక్కే కాదు, దాని తర్వాత కాగితంలో లేని పద్యమంతా రాసింది, ఆపైన దాని వ్యాఖ్యానం రాసింది. ఆ వ్యాఖ్యానం ఎప్పుడో చచ్చిపోయిన ఒక ఇంగ్లీషు పండితుడిదట, కామా కూడా తేడా లేకుండా దిగిందట. మధ్యలో ఒకసారి బాత్రూమ్‌కి వెళ్ళిందట. ఇంకేం, బాత్రూమ్‌లో ఫోన్ చూసిందన్నారు. ఫోన్! రోజూ ఫోన్ ఎక్కడ పెట్టిందో వెతకలేక, తాతయ్యా నా ఫోన్‌కి కాల్ చెయ్యి అని ఇల్లంతా తిరిగే పిల్ల. ఈ ముగ్గురూ తప్పేనంటే ఆ సబ్జెక్టు పోతుంది, అది పోతే వచ్చే ఏడాది లాటిన్‌లో ఆనర్స్ చెయ్యనివ్వరు, మోసం చేసిందన్న మచ్చ యూనివర్సిటీలో ఉండిపోతుంది, ఇంట్లో వాళ్ళ నాన్న ఇదే సందని లాటిన్‌కి నీళ్ళొదిలించేస్తాడు. ఎంత కంఠతా పడితే అంత గొప్పని శేషాచలం విన్నాడు, చూశాడు, దెబ్బలు తిని నేర్చుకున్నాడు. కంఠతా పట్టినందుకు పంచాయితీ పెట్టే దేశం ఒకటి ఉందని ఎవడైనా చెప్పి ఉంటే, కట్టుకథలు ఎంత బాగా అల్లావురా అని వాడి వీపు తట్టేవాడు.

కంఠతా పట్టించింది తనే మరి. పోయిన వసంతంలో, అంటే మనకి దసరా రోజుల్లో, ద పాండ్స్ అనే పేటలో ఇంటి పక్కనున్న లేక్ చుట్టూ నడుస్తుంటే గీతిక ఆ పుస్తకం చేత్తో పట్టుకుని, ఎంత చదివినా గుర్తుండట్లేదు తాతయ్యా అంది. గుర్తుండడానికి చదవకూడదే పిచ్చిదానా, పాడాలి. ముందు పద్యం, తర్వాత ప్రతి మాటకీ అర్థం, తర్వాత తాత్పర్యం, వరసగా, నడుస్తూ, నడక తప్పితే మళ్ళీ మొదటికి. తను వెనక, అది ముందు. ప్రతి పాదం మొదటి మాటా తను అందిస్తాడు, మిగతాది అది అందుకోవాలి. యానువా, అంటాడు శేషాచలం, అంటే ఏమిటో తనకి తెలీదు, చాలా పాదాలకి అదే ఎత్తుగడ. అంతే, గీతిక గడగడా చెప్పుకుపోయేది. మామూలుగా కాదు, మోహన రాగంలో. రాగం లేకపోతే పద్యం నిలవదని తనే కట్టాడు వరస. ఆ మాటల బరువూ ఊపూ చూస్తే యుద్ధంలా వినిపించింది, రథాలు దొర్లుతున్నట్టు. అందుకని ప్రతి పాదం కొసనా వీరావేశంతో ఒక రాగం కూడా తీయించాడు. కుక్కల్ని తిప్పుకునే తెల్లవాళ్ళు పట్టాలు తప్పిన రైలుని చూసినట్టు చూసి పక్కకి తప్పుకునేవారు. గుడ్లు పెట్టే కాలం కదా, చెట్టుమీది మ్యాగ్‌పై ఒకటి, నల్లటి తెల్లటి పక్షి, రోజూ శేషాచలం నడినెత్తి మీదికి దూకేది. రెండు వారాలయ్యాక దూకడం మానేసి, కొమ్మ మీద కూచుని యానువా అనడం మొదలుపెట్టింది. అదీ మోహనలోనే. పాదం కొసన రాగం మాత్రం దానికి సరిగా పలికేది కాదు.

వేసవి వచ్చేసరికి అంతా నోటికొచ్చింది. అప్పుడు అడిగాడు, ఇంతకీ ఏ రాజుమీద యుద్ధమే ఇది అని. గీతిక గడ్డిమీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వింది. "వార్ కాదు తాతయ్యా! వాడు డ్రంక్. గర్ల్‌ఫ్రెండ్ ఇంటి బయట పడుకుని డోర్‌ని తిడుతున్నాడు. యానువా అంటే డోర్." ఇన్నాళ్ళూ తాగుబోతు వెధవ ఒకడు వానలో గడప మీద పడి తలుపుని బతిమాలుకుంటూ, బూతులు తిడుతూ ఏడ్చిన ఏడుపుకి తను యుద్ధరాగం కట్టాడన్నమాట. ఆడపిల్ల చేత పాడించాడన్నమాట, వీధిలో. రాగం మార్చేద్దామంటే అది ఒప్పుకోలేదు. వద్దు తాతయ్యా, ఇప్పుడు ఇలాగే వస్తుంది నాకు, అంది. మూడు రోజులు శేషాచలం ఆ తాగుబోతుమీద కోపంగా ఉన్నాడు. నాలుగోరోజు సారా కొట్టువాడు దుకాణం కట్టేశాడని తలుపు తన్నిన తన తమ్ముడు గుర్తొచ్చి, ఆ రోమన్ వెధవ ఒక రకంగా చుట్టంలాగే అనిపించాడు.

నెరిసిన జుట్టావిడ ఏదో అడిగింది. గీతిక చెప్పింది. మళ్ళీ అడిగింది. మాటలు గబగబా పోతున్నాయి, శేషాచలానికి ఒకటి అందితే మూడు జారిపోతున్నాయి, ఫోన్ అన్న మాట మాత్రం వచ్చిన ప్రతిసారీ రాయిలా తగులుతోంది. ల్యాప్‌టాప్ వాడొకడు అన్నీ టకటకా కొడుతున్నాడు, పిల్ల దగ్గినా కొడుతున్నాడు. లేచి ఆ బల్లమీద ఒక్క గుద్దు గుద్దితే! కుర్చీ కిర్రుమంది. ఆవిడ కళ్ళద్దాల పైనుంచి చూసింది. శేషాచలం వెన్ను నిటారుగా పెట్టి, చూపు ఎదురుగోడకి తగిలించి, గడ్డం ఎత్తి కూచున్నాడు. అలా కూచోవడం ఆయనకి బాగా తెలుసు. ఎలా తెలుసంటే, దీపాల సంగతి ఇందాక చెప్పాను కదా, ఆ నాటకంలో రాజు వేషం వేసింది శేషాచలం కాదు. పక్కూరి కరణంగారబ్బాయి వేశాడు. శేషాచలం ద్వారపాలకుడు. అట్టతో చేసిన ఈటె పట్టుకుని, అద్దెకు తెచ్చిన మీసం పెట్టుకుని, సింహాసనం పక్కన గుమ్మం దగ్గర కథంతా అయ్యేదాకా నిలబడాలి. ఒక్క మాట లేదు. నాటకమంతా శేషాచలానికి నోటికొచ్చు, రాజు పద్యాలు రాజుకంటే బాగా వచ్చు, అయినా ఒక్క మాట లేదు. వన్స్‌మోర్లు నిజమే, దీపాలు రెపరెపలాడడమూ నిజమే, వేరేవాడి ఊపిరికి. తర్వాత మనవరాలికి చెప్పేటప్పుడు ఈటె కాస్తా కిరీటమైంది. ఆ నాటకం మధ్యలో ఒక దోమ మీసం కింద కుట్టింది, ఆ రాజ్యానికి అంత పెద్ద కష్టం ఇంకోటి రాలేదు, గోక్కోవడానికి కూడా లేదు.

ఇప్పుడూ దోమ కుడుతున్నట్టే ఉంది, లోపల. ఎదురుగా ఆ చివర కూచున్నతను గ్రెగ్. లాటిన్ చెప్పేది ఆయనే. గ్రెగ్ అట, గురువుని పట్టుకుని గ్రెగ్, అండీ లేదు, మాస్టారూ లేదు, హాయ్ గ్రెగ్ అంటుంది ఇది, ఆయన హాయ్ గీతికా అంటాడు, ఇద్దరూ ఒకే బస్సుకోసం నిలబడ్డవాళ్ళలా. పిల్లని ఇంతకాలంగా చూస్తున్నాడే, ఇది దొంగో దొరో ఆయనకి తెలీదా. పేపరు దిద్దినవాడు ఒక్కసారి పిలిచి, ఏమ్మా ఇలా రాశావేం అని అడిగితే అక్కడితో పోయేది. అడగడట, ఎదురుగా అడగడం ఇక్కడ మర్యాద కాదు, ముగ్గురిని కూచోబెట్టి పూసలావిడ చేత అడిగించడం మర్యాద. అసలు వీళ్ళననుకుని ఏం లాభం, ఇంట్లోవాళ్ళు ఏం తక్కువ తిన్నారు. ఆ మధ్య పెరట్లో బార్బెక్యూ పెట్టి అల్లుడు నలుగురిని పిలిచాడు. మీ అమ్మాయి ఏం చదువుతోందండీ అని ఎవరో అడిగారు. లాటిన్ అంకుల్, అంది గీతిక, పనీర్ పుల్లల పళ్ళెం పట్టుకుని. "లాటినా? అదెందుకమ్మా, డాక్టర్లకి మందుల పేర్లు రాసివ్వడానికా?" అని ఆయన నవ్వాడు, అందరూ నవ్వారు. మల్లికార్జున పొగలోంచి, "అబ్బే, లా అండీ, లా. ఆర్ట్స్-లా. ఆ లాటిన్ ఊరికే, కాంబినేషన్‌లో వచ్చింది" అన్నాడు. ఊరికే వచ్చిందట, చొక్కాతోపాటు ఇచ్చిన గుండీలా. ఆ రోజు పళ్ళెం అక్కడ పెట్టి లోపలికెళ్ళిపోయిన పిల్ల భోజనానికి రాలేదు. ఆ నోరు ఆవేళే ఎందుకు తెరవలేదు తను? అల్లుడి ఇల్లని. అక్కడ అల్లుడి ఇల్లు, ఇక్కడ రూలు, అప్పుడు ఈటె. ఎక్కడ చూడు, తన నోటికి ఎవడో ఒకడు తలుపు వేసిపెట్టాడు.

ఉన్నట్టుండి గ్రెగ్ ముందుకి వంగాడు. కాగితం చూసి ఒక లాటిన్ పాదం చదివాడు, తర్వాత ఇదెలా పోతుందో చెప్పగలవా అన్నట్టు చెయ్యి తిప్పాడు. జ్ఞాపకమేనంటున్నావు కదా, అయితే చెప్పు. శేషాచలం గుండె ఎగిరింది. చెప్పవే! చెప్పి వాళ్ళ మొహాన కొట్టు! గీతిక నోరు తెరిచింది. ఏమీ రాలేదు. మళ్ళీ తెరిచింది. ఆయన మళ్ళీ చదివాడు, చప్పగా, ఉప్పులేని గంజిలా, బస్సుల వేళలు చదివినట్టు. అలా చదివితే ఎలా వస్తుందయ్యా దానికి! మధ్యలోంచి తుంచి, రాగం తీసేసి, నడక లేకుండా, కూచోబెట్టి అడిగితే నేను మాత్రం నా పేరు చెప్పగలనా! దానికి రాక కాదు. రాగంతో తప్ప రాదు. ఆ రాగం ఈ గదిలో తియ్యడానికి సిగ్గు. చెవులు ఎర్రబడ్డాయి పిల్లకి, కాలు ఊగడం ఆగిపోయింది, అది ఊగినంతసేపూ భయం లేదు, ఆగిందంటే లోపల అంతా ఆగిందని. ల్యాప్‌టాప్ వాడు వేళ్ళు గాల్లో పెట్టుకుని చూస్తున్నాడు. పూసలావిడ మొహంలో జాలి. ఆ జాలి చూసేసరికి శేషాచలానికి ఇంక రూలూ లేదు, దేశమూ లేదు. "యానువా" అన్నాడు, గట్టిగా, మోహనలో, చెవి మీద చెయ్యి పెట్టుకుని. గది అదిరింది. సర్, ప్లీజ్, అంటోంది ఆవిడ, ఆ ప్లీజ్ పూర్తి కాకుండానే గీతిక అందుకుంది.

అందుకుంది, ఇంక ఆగలేదు. కళ్ళు మూసుకుని, లేక్ చుట్టూ నడుస్తున్నట్టే భుజాలు కదుపుతూ, తాగుబోతు తలుపుని బతిమాలి, తిట్టి, వానని తిట్టి, తన పూలదండ గడపకి తగిలించి, మళ్ళీ బతిమాలి, ప్రతి పాదం కొసనా రథాలు దొర్లించి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడే తీసుకుని, గ్రెగ్ చదివిన పాదం దాటి, పరీక్షలో రాసింది దాటి, పద్యం చిట్టచివరికి వెళ్ళి నిలబడింది. అక్కడితో ఆగుతుందా, పద్యం అవగానే తాత్పర్యం కదా, అలవాటుగా ఆ చచ్చిపోయిన పండితుడి ఇంగ్లీషు మొదలైంది, అదీ అదే ఊపులో. చాలు, చాలు, అన్నాడు గ్రెగ్ చెయ్యెత్తి. ఆయన నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియని మొహం పెట్టాడు. పూసలావిడ ఆయనవైపు చూసింది, ఆయన తల అడ్డంగా ఊపాడు. ఫోన్ కాదు, అని. ఏ ఫోనూ అలా పాడదు. శేషాచలం కుర్చీ సంతోషంతో గోడదాకా జారిపోయింది.

అయిపోయింది, పదవే లేచి వెళ్దాం, అనుకుంటుండగా గ్రెగ్ ఇంకో ప్రశ్న అడిగాడు. మెల్లగా అడిగాడు కాబట్టి శేషాచలానికీ అర్థమైంది. ఇది ఆ పండితుడికి ఏమనిపించిందో చెప్పావు గీతికా, నీకేమనిపించింది? గీతిక బల్లవైపు చూస్తోంది. శేషాచలానికి నెత్తురు మళ్ళీ తలకెక్కింది. పద్యమొచ్చింది, అర్థమొచ్చింది, తాత్పర్యమొచ్చింది, ఇంకా ఏమనిపించడమేమిటి, అనిపించడానికి అదేమైనా పెళ్ళిసంబంధమా! కోపం నాలుక దాకా వచ్చి, అక్కడ దేనికో తట్టుకుని వెనక్కి తిరిగింది. బడి. తాటాకు పాక. సముద్రం మీద పద్యం చెప్పి తాత్పర్యం రాయమన్నారు తెలుగు మాస్టారు, సముద్రం నీలాల రాశిలా ఉందని కవి అన్నాడు. పలకంతా మాస్టారు చెప్పినట్టే రాసి, కింద ఖాళీ ఉంటే ఒక ముక్క తనది కలిపాడు శేషాచలం, ఈ కవి మన సముద్రం చూడలేదు, నిజాంపట్నం దగ్గర నీళ్ళు బురదరంగులో ఉంటాయి అని. చింతబరికె విరిగిందాకా కొట్టాడు ఆ మహానుభావుడు. కవికంటే నీకు ఎక్కువ తెలుసా గాడిదా, అని. పలక తుడిపించాడు, ఉమ్మితో. బురదరంగు నీళ్ళు రోజూ చూసేవాడు ఆయన కూడా, సైకిల్ మీద ఆ రేవు మీదుగానే వచ్చేవాడు. మరి ఎందుకు కొట్టాడు? ఆ చెయ్యి, ఆ బరికె, ఆ ఉమ్మి. ఆ తర్వాత జీవితంలో ఏ పద్యం కిందా ఖాళీ ఉంచలేదు శేషాచలం. ఖాళీ లేకుండా నింపెయ్యడం మనవరాలికీ నేర్పాడు, లేక్ చుట్టూ తిప్పి తిప్పి, రాగం కట్టి మరీ. ఎవడో పోయిన పండితుడి మాటలతో. ఇన్నేళ్ళకి ఆ మాస్టారి మీద ఎంత కోపమొచ్చిందంటే, ఆయన ఇంకా బతికుంటే టికెట్ కొనుక్కుని వెళ్ళి ఆ పలక ఆయన చేతికిచ్చి, చదవండి, అనేవాడు.

ల్యాప్‌టాప్ టకటక ఆగింది. గీతిక తలెత్తి, గ్రెగ్ వైపు కాదు, పక్కకి తిరిగి తాతని చూసింది. గోడదాకా జారిన కుర్చీ, నిటారు వెన్ను, బిగించిన పెదవులు, మోకాళ్ళ మీద పిడికిళ్ళు. అలా చూస్తూనే మాట్లాడటం మొదలుపెట్టింది. ఇంగ్లీషులో, ఆగి ఆగి, రాగం లేకుండా, వెతుక్కుంటూ. ఇంతవరకూ అది తడబడితే భయపడిన శేషాచలానికి ఈ తడబాటు వేరేగా వినిపించింది. ఎవరూ తొక్కని గడ్డిలో నడుస్తున్నట్టు ఉంది. మాటలు అందలేదు. గ్రెగ్ కలం బల్లమీద పెట్టేసి వినడం మాత్రం చూశాడు. పూసలావిడ కూడా ఒకసారి శేషాచలం వైపు చూసింది, ఈసారి నవ్వకుండా.

తర్వాత బయట నడవలో నిలబెట్టారు. మళ్ళీ లోపలికి పిలిచి చెప్పారు. రైలెక్కాక, కిటికీ పక్క సీట్లో కూచుని, గీతిక చెప్పింది. ఫోన్ సంగతి కొట్టేశారు. దొంగతనం అని ఎక్కడా రాయరు. కానీ ఆ జవాబుకి మార్కులు లేవు, వేరే ముక్క ఇస్తారు, మళ్ళీ రాయాలి, అందులో పండితుడు ఉండకూడదు, అది బాగుంటే ఆనర్స్.

"సున్నానా?" అన్నాడు శేషాచలం. "అంత పాడితే సున్నా వేశాడా వాడు?"

"ఇట్స్ ఫేర్, తాతయ్యా."

"ఏం ఫేరు! నా మొహం ఫేరు!" ఎదుటి సీట్లో ఉన్న చైనా ముసలమ్మ బుట్ట దగ్గరికి లాక్కుంది. శేషాచలం గొంతు తగ్గించాడు. "ఇంతకీ ఏమన్నావే వాళ్ళతో? నన్ను చూసి చెప్పావు, నా గురించి చాడీలా?"

గీతిక కిటికీలోకి చూసింది. బ్లాక్‌టౌన్ దాటారు. "రోమ్‌లో డోర్ దగ్గర ఒక మనిషిని కట్టేసేవాళ్ళు. చెయిన్‌తో. స్లేవ్. పోయమ్‌లో ఒక్కసారి వస్తాడు. బయటివాడు రాత్రంతా తిడుతుంటాడు, తలుపుని, వానని, వీణ్ణి కూడా. వీడు తలుపు తియ్యకూడదు. ఆన్సర్ చెయ్యకూడదు. అందరూ తాగినవాడి గురించే రాస్తారు. ఐ సెడ్, ఈ తలుపు దగ్గర మనిషికి లైన్స్ లేవు, కానీ అన్నీ వింటున్నాడు. అంతసేపూ ఏం అనుకుంటున్నాడో నాకు కావాలి అన్నాను. హీ మస్ట్ హావ్ బీన్ సో యాంగ్రీ."

"ఎవరిమీద?"

"అందరిమీదా."

శేషాచలం గొంతు సవరించుకున్నాడు. "నాటకంలో నాది రాజు వేషం కాదని నీకెవరు చెప్పారే?"

"అమ్మమ్మ. ఎప్పుడో. నేను ఇయర్ ఫోర్‌లో ఉన్నప్పుడు. నువ్వు మళ్ళీ మళ్ళీ కింగ్ అంటుంటే నేనేం అనలేదు, అంతే." అని ఆయన భుజం మీద తల పెట్టింది. "యు వర్ వెరీ గుడ్ టుడే. ఒక్క మాట కూడా అనలేదు నువ్వు."

ఇక్కడ మీరు నన్ను పట్టుకుంటారు. ఒక్క మాట అనకపోవడమేమిటి, యానువా అని గది అదరగొట్టాడన్నావుగా, అని. మ్యాగ్‌పై నోట లాటిన్ పలికించాను కాబట్టి అదే నా కల్పన అని మీరు అనుకుంటూ ఉండి ఉంటారు. కాదు. మ్యాగ్‌పై నిజం, కావాలంటే వసంతంలో రండి, చూపిస్తాను. కల్పించింది ఆ మాట అందించడమే. శేషాచలం నోరు తెరవలేదు. తెరవబోయాడు, అది గీతిక చూసింది, చూసి తల అడ్డంగా ఊపింది, వద్దు అని. ఆయన పళ్ళు బిగపట్టి, పిడికిళ్ళు మోకాళ్ళ మీద పెట్టుకుని, కోపంతో ఉడికిపోతూ, తలుపు దగ్గర మనిషిలా కూచున్నాడు. యానువా అన్నది గీతికే. తన మాట తనే అందించుకుంది. రాగం మాత్రం శేషాచలానిదే, అందులో ఒక్క పిసరు కూడా నేను కలపలేదు.